పద్నాలుగు మందికి రెండు మైకులు: పెరంబూరులో ఒక ఉగాది కచేరీ రికార్డింగ్

చెన్నైలో పెరంబూరు, అయనావరం, విల్లివాక్కం వైపు రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఐ.సి.ఎఫ్. (రైలు పెట్టెలు తయారుచేసే ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) 1955లో మొదలైంది, రైల్వే వర్క్‌షాపులు అంతకన్నా పాతవి. కాబట్టి కొన్ని ఇళ్ళల్లో ఇప్పుడు నడుస్తున్నది మూడో తరం. ఆ ఇళ్ళవాళ్ళు కలిసి నడుపుకుంటున్న వాద్య బృందం ఒకటి తమ ఉగాది కచేరీని రికార్డ్ చేసిపెట్టమని నన్ను అడిగింది. నేను డబ్బింగ్ స్టూడియోలో పనిచేసేవాణ్ణి. లైవ్ పనులు ఇష్టం కొద్దీ చేస్తాను.

బృందంలో మూడు వయొలిన్లు, ఒక ఫ్లూట్, రెండు క్లారినెట్లు, ఒక ట్రంపెట్, హార్మోనియం, కీబోర్డు, మృదంగం, ఒక సైడ్ డ్రమ్, పాడేవాళ్ళు ముగ్గురు. రిటైరైన ఫిట్టరు ఉన్నాడు, ప్లస్ టూ చదివే అమ్మాయి ఉంది. కార్యక్రమం గంటన్నర. అన్నమయ్య, త్యాగరాజ కీర్తనలు కొన్ని, మధ్యలో నాలుగు నోటుస్వరాలు, చివర ఒక పాత సినిమా పాట.

నోటుస్వరాల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే రికార్డింగ్ పద్ధతి తేల్చడంలో వాటికీ వాటా ఉంది. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో సెయింట్ జార్జి కోటలో ఇంగ్లీషు బ్యాండు వాయించే వరసలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. శంకరాభరణం స్వరాల్లో, గమకాలు (స్వరాల ఊపులు) లేకుండా, సాఫీగా సాగుతాయి. మామూలు కచేరీల్లో పిల్లల చేత పాడించి వదిలేస్తారు. క్లారినెట్, ట్రంపెట్, డ్రమ్ కలిసి వాయిస్తే మాత్రం వాటి అసలు పుట్టుక తెలుస్తుంది. అక్కడ వినాల్సింది విడివిడి వాద్యాలు కాదు, గుంపు మొత్తం ఒక్క గొంతుగా మోగడం. దాన్ని దగ్గర పెట్టిన మైకు పట్టుకోలేదు.

వాళ్ళ దగ్గర అంతకుముందు ఏడాది రికార్డింగ్ ఒకటి ఉంది. మైక్ సెట్ వాళ్ళు దాదాపు మనిషికో మైకు లెక్కన పదకొండు పెట్టి, మిక్సర్ నుంచి వచ్చింది వచ్చినట్టు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించారు. విన్నాను. పాడేవాళ్ళు చెవిలో ఉన్నారు, క్లారినెట్లు పక్క వీధిలో ఉన్నాయి, మృదంగం ఎడమ తల అసలు లేదు. ఇందులో మైక్ సెట్ వాళ్ళ తప్పు పెద్దగా లేదు. మిక్సర్ దగ్గర ఉన్న మనిషి హాల్లో వినిపించేదాన్ని బట్టి ఫేడర్లు (ఒక్కో మైకు స్థాయిని పెంచే, తగ్గించే మీటలు) జరుపుతాడు. ట్రంపెట్ హాల్లో ఎలాగూ గట్టిగా వినిపిస్తుంది కాబట్టి దాని ఫేడరు కింద ఉంటుంది. రికార్డింగులోకి వెళ్ళేది మాత్రం ఆ ఫేడరులోంచి వచ్చిందే. పైగా ఒక్కో వాద్యం తన మైకుతో పాటు పక్క మైకుల్లోకీ కొద్దిగా ఆలస్యంగా దూరుతుంది. అవన్నీ కలిసినప్పుడు కొన్ని స్వరస్థాయిలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వయొలిన్ ముక్కుతో పాడుతున్నట్టు ఉండడానికి కారణం అదే. మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ హాలు రొద కూడా దాదాపు 3 డెసిబెల్స్ (ధ్వని బలానికి కొలమానం) పెరుగుతుంది.

"పద్నాలుగు మందికి రెండు మైకులేనా బాబూ?" అని అడిగారు బృందాన్ని నడిపే క్లారినెట్ మాస్టారు. "డబ్బు ఆదా కోసమా?"

"ఆదా కూడా అవుతుంది మాస్టారూ. కానీ అందుకు కాదు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో నేను చెప్పినట్టు వింటారా మరి?"

ఆయన ఒప్పుకున్నారు. మిగతా పదమూడు మందిని ఒప్పించడం వేరే కథ.

హాలు

అద్దెకు తీసుకున్నది ఒక కమ్యూనిటీ హాలు. పొడవు 60 అడుగులు, వెడల్పు 30, కాంక్రీటు కప్పు, నున్నటి గోడలు, మొజాయిక్ నేల. ఒక చివర రెండడుగుల ఎత్తు స్టేజి. మూడు పక్కలా గోడలే. దాని మీద నిలబడి చప్పట్లు కొట్టి చూస్తే ధ్వని అక్కడక్కడే తిరిగింది. బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు ఉంది. హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే ఇంకో సమస్య, వెనక గోడ నుంచి విడిగా ఇంకో చప్పుడు తిరిగొచ్చింది. స్టేజి ముందు నుంచి ఆ గోడ దాదాపు 15 మీటర్లు. వెళ్ళి రావడానికి 30. చెన్నై వేడిలో ధ్వని వేగం సెకనుకు 350 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి, ఆ తిరుగు చప్పుడు 85 మిల్లీసెకన్ల తర్వాత వస్తుంది. 50 దాటిందంటే చెవి దాన్ని వేరే చప్పుడుగా లెక్కపెట్టుకుంటుంది. డ్రమ్ము దెబ్బ ప్రతిదానికీ ఒక నకలు వస్తుందన్నమాట.

అందుకని ముందు అడిగింది స్టేజి వదిలేయమని. తెర మూసేసి, దాని ముందు నేల మీద బృందాన్ని కూర్చోబెడదాం అన్నాను. ఇది విని కమిటీలో ఇద్దరు ముగ్గురు ముఖాలు మాడ్చుకున్నారు. "నేల మీద కూర్చుంటే ఫొటోల్లో ఎవరికి కనబడతాం సార్?" న్యాయమైన ప్రశ్నే. చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, మొదటి రెండు వరసలు నేల మీద, మూడో వరస స్టేజి అంచు మీద కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చోవాలి. మెట్టు మెట్టుగా అందరి ముఖాలూ కనబడతాయి. ప్రేక్షకుల్లో ముందు సగం మంది చాపల మీద, వెనక సగం కుర్చీల్లో.

వెనక గోడకు భవాని జంపఖానాలు వేలాడదీశాం. గోడకు ఆనించి కాదు, రెండు మడతలేసి, కిటికీ కడ్డీలకు తాడు కట్టి, గోడకూ గుడ్డకూ మధ్య జానెడు ఖాళీ వదిలి. ఆ ఖాళీ లేకపోతే గుడ్డ పైస్థాయి ధ్వనులను మాత్రమే తాగుతుంది. బరువైన కింది ధ్వనులను ఏ జంపఖానా ఆపలేదు, అది మొదటే తెలుసు. మనకు అడ్డొస్తున్నది డ్రమ్ము పుల్లల చిటపట కాబట్టి సరిపోయింది. సాయంత్రం జనం నిండాక ఆ ప్రతిధ్వని దాదాపు పోయింది. పట్టుచీరలు, పంచెలు, మనుషులు, వీటిని మించిన సౌండ్ ట్రీట్‌మెంట్ ఇంకోటి అద్దెకు దొరకదు.

మైకులు

చిన్న డయాఫ్రమ్ (ధ్వనికి కదిలే పొర) ఉన్న కార్డియాయిడ్ (ముందు వైపు ఎక్కువగా, వెనక వైపు బాగా తక్కువగా వినే) కండెన్సర్ మైకులు రెండు, ఒకే జత. చేతిలో పట్టే నాలుగు ట్రాకుల రికార్డరు ఒకటి. దానికి ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల మైకు కేబుల్ గుచ్చే) ఇన్‌పుట్లు రెండు, తలపై సొంత మైకుల జత ఒకటి. ఎలక్ట్రానిక్స్ దుకాణాల రిచీ స్ట్రీట్‌లో కొన్న పది మీటర్ల బ్యాలెన్స్‌డ్ (బయటి రొద పట్టని) కేబుళ్ళు. క్లోజ్డ్ హెడ్‌ఫోన్. సామాను అంతే. ఇదంతా ఒక భుజం సంచీలో పడుతుంది, ఒక్క స్టాండు తప్ప.

రెండు మైకులను ఎలా పెట్టాలన్నదానికి రెండు మూడు దారులున్నాయి. ఎక్స్‌వై అంటే రెండు తలలూ ఒకేచోట కలిపి 90 డిగ్రీల కోణంలో పెట్టడం. మోనోలో, అంటే రెండు చానళ్ళూ ఒకటిగా కలిపి, విన్నా దెబ్బతినదు, చేతి రికార్డర్లన్నీ దాదాపు ఇదే వాడతాయి. కానీ ఆ అమరిక కవర్ చేసే కోణం చాలా వెడల్పు, 180 డిగ్రీల దాకా ఉంటుంది. మన బృందం వెడల్పు 5 మీటర్లు, మైకు నుంచి మధ్య వరసకు 3 మీటర్లు. లెక్క వేస్తే బృందం మొత్తం 80 డిగ్రీల్లో ఇమిడిపోతుంది. అంటే ఎక్స్‌వైలో పద్నాలుగు మందీ స్పీకర్ల మధ్య ఒక పిడికెడు చోటులో ఇరుక్కుంటారు. ఫ్రెంచి రేడియో వాళ్ళు 1960 ప్రాంతంలో రూపొందించిన ఓఆర్‌టీఎఫ్ పద్ధతిలో రెండు తలల మధ్య 17 సెంటీమీటర్లు, కోణం 110 డిగ్రీలు. దాని కవరేజి దాదాపు 95 డిగ్రీలు. మన 80 అందులో రెండు పక్కలా కొంచెం ఖాళీతో హాయిగా కూర్చుంటుంది. మీటరు దూరంలో విడివిడిగా రెండు మైకులు పెట్టే పద్ధతి నాకు ఇష్టమే కానీ, ఈ రికార్డింగును సగం మంది ఫోన్ స్పీకర్లో, అంటే మోనోలోనో దాదాపు మోనోలోనో వింటారు. అక్కడ ఆ పద్ధతి వయొలిన్లను పలచన చేస్తుంది.

రెండు మైకులూ పట్టే బార్ నా దగ్గర లేదు. కొనబోతే రెండో క్లారినెట్ వాయించే బాబాయి "ఆ మాత్రానికి కొనడమేంటి" అని అల్యూమినియం పట్టీ తీసుకుని, 17 సెంటీమీటర్లు వచ్చేట్టు రంధ్రాలు వేసి, కోణాలు గీతలు గీసి తెచ్చిచ్చారు. క్యారేజి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన చెయ్యి. దుకాణంలో దొరికే దానికంటే గట్టిగా ఉంది. ఒక్కటే హెచ్చరిక: మైక్ స్టాండు మరలు రెండు సైజుల్లో వస్తాయి, ఐదెనిమిదోవంతు అంగుళం, మూడెనిమిదోవంతు అంగుళం. ఫొటోగ్రాఫర్ల లైట్ స్టాండయితే పావు అంగుళం. ఎడాప్టర్లు ముందే జేబులో ఉండాలి.

మామూలు మైక్ స్టాండు ఎత్తు చాలదు కాబట్టి వాడింది లైట్ స్టాండే. మైకులు నేల నుంచి 2.6 మీటర్ల ఎత్తులో, ముందు వరసకు 2 మీటర్ల ఎడంగా. కాళ్ళ మీద ఇసుక సంచులు, చుట్టూ మూడు కుర్చీలు, ఎందుకంటే ఉగాది కార్యక్రమంలో పిల్లలు పరిగెత్తకుండా ఉండరు.

అంత ఎత్తు ఎందుకో చెప్తాను. అందరూ నేల మీదే ఉన్నారనుకుందాం. ముందు వరస 2 మీటర్లలో, వెనక వరస 4.5 మీటర్లలో. మైకు వాద్యాల కంటే ఒక మీటరు పైన ఉంటే ముందువాళ్ళకూ వెనకవాళ్ళకూ తేడా 6 డెసిబెల్స్ పైన వస్తుంది. రెండు మీటర్లు పైకి లేపితే అది 5 లోపుకి దిగుతుంది. మైకుల ముఖాన్ని ముందు వరస మీదికి కాకుండా వెనక వరస మీదికి వంచితే ఇంకొంచెం సమం అవుతుంది. దూరం సంగతి మాత్రం లెక్కతో తేల్చలేదు. రిహార్సల్ నడుస్తుంటే ఒక చెవి మూసుకుని ముందుకూ వెనక్కూ నడిచాను. రెండు చెవులతో వింటే మెదడు హాలు మోతను దానంతటదే తీసేస్తుంది, ఒక చెవితో వింటే మైకు వినేదానికి దగ్గరగా వినిపిస్తుంది. వాద్యం స్పష్టంగా ఉండి, హాలు కూడా ఉందని తెలిసే చోట ఆగి, అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టాను.

ఎవరు ఎక్కడ

ఈ మొత్తం పనిలో గంటలు పట్టింది ఇదే, ఫలితం ఇచ్చిందీ ఇదే. రెండు మైకులతో రికార్డ్ చేసినప్పుడు తర్వాత ఒక వాద్యాన్ని పెంచడం, తగ్గించడం ఉండదు. మిక్సింగ్ అంతా చాపల మీదే జరగాలి.

పాడేవాళ్ళు ముందు వరస మధ్యలో. వాళ్ళకు ఒక పక్క వయొలిన్లు, ఇంకో పక్క ఫ్లూట్. రెండో వరసలో హార్మోనియం, మృదంగం, కీబోర్డు. స్టేజి అంచు మీద క్లారినెట్లు, ట్రంపెట్, చివర సైడ్ డ్రమ్.

మృదంగం దగ్గర గొడవ మొదలైంది. కచేరీ సంప్రదాయంలో మృదంగం పాడేవాళ్ళ పక్కన, ముందు ఉంటుంది. ఆయన అలాగే కూర్చున్నారు. మైకుకూ ఆయనకూ మధ్య దూరం బాగా తక్కువ. హెడ్‌ఫోన్‌లో వింటే మృదంగ కచేరీకి మిగతావాళ్ళు పక్కవాద్యం చేస్తున్నట్టు ఉంది. వెనక్కి జరిపితే దూరంతో పాటు ఆ ధ్వని కూడా తగ్గుతుంది. గోడల మోత కలిసే హాల్లో లెక్క చెప్పినంత తగ్గదు కానీ కొంత ఖాయం.

"అన్నా, కాస్త వెనక్కి, సరిగ్గా మధ్యకి జరుగుతారా?"

"వెనక్కి జరిగితే పాడేవాళ్ళ ముఖం నాకెలా కనబడుతుంది తమ్ముడూ?"

అదీ నిజమే. ముఖం కనబడకపోతే అనుపల్లవి ఎత్తుగడలో తాళం తప్పుతుంది, అప్పుడు ఎంత మంచి మైకు పెట్టినా ఏం లాభం. పాడేవాళ్ళను కొంచెం ఏటవాలుగా తిప్పి, ఆయనను వాళ్ళ భుజాల మధ్య ఖాళీలోంచి చూసే చోట కూర్చోబెట్టాం. ఒప్పుకున్నారు, సంతోషంగా కాదు.

ట్రంపెట్ అబ్బాయి సంగతి తేలిక. ట్రంపెట్ ధ్వని గొట్టం ఎటు చూస్తే అటు ఈటెలా పోతుంది, పైస్థాయిలో మరీను. నోట్సు కాగితాలు పెట్టుకునే స్టాండు మీదికి గొట్టం వంచి వాయించమన్నాను. క్లారినెట్ అలా కాదు, దాని రంధ్రాలన్నిట్లోంచీ ధ్వని వస్తుంది కాబట్టి ఎటు తిప్పినా పెద్ద తేడా ఉండదు. క్లారినెట్లు మూడో వరసలో ఉన్నా నిండుగా వినిపించాయి.

కీబోర్డును హాలు స్పీకర్లలోకి పంపొద్దని పట్టుబట్టాను. చిన్న యాంప్లిఫయరు ఒకటి ఆయన మోకాలి పక్కనే పెట్టి, ముఖం పైకి తిప్పాం. అప్పుడది కూడా మిగతా వాద్యాల్లాగే ఒక చోటునుంచి వచ్చే ధ్వని అవుతుంది. శ్రుతిపెట్టె మాత్రం హార్మోనియం వెనక, బాగా తక్కువ స్థాయిలో. ముందు పెడితే గంటన్నరసేపు అదే వినాలి.

మైక్ సెట్ అబ్బాయితో మాట్లాడి హాలు స్పీకర్లను పాడేవాళ్ళకూ, అనౌన్స్‌మెంట్లకూ మాత్రమే ఉంచాం. వాటిని నా మైకుల వెనక్కి, అంటే ప్రేక్షకుల వైపుకి తెచ్చి, వీపు మాకు పెట్టించాం. నూటయాభై మంది పట్టే హాల్లో క్లారినెట్‌కు స్పీకరు అక్కర్లేదు. "సౌండ్ లేదంటే జనం నన్నే అంటారు సార్" అని ఆ అబ్బాయి టెన్షన్ పడ్డాడు. అతన్ని వెనక వరసలో కూర్చోబెట్టి ఒక కీర్తన వినిపించాక కుదుటపడ్డాడు. స్పీకర్ల స్థాయి తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. పాడేవాళ్ళు పాడుతుండగా స్పీకర్లను ఆపి, మళ్ళీ పెట్టి, నేను హెడ్‌ఫోన్‌లో వింటాను. పెట్టినప్పుడు గొంతు మసకబారినట్టు అనిపిస్తే స్థాయి ఎక్కువైనట్టే. తేడా పట్టీ పట్టనట్టు ఉండే దాకా తగ్గించాం.

ఫ్యాన్లు, రైళ్ళు, వగైరా

ఉగాది నాటికి చెన్నైలో ఫ్యాను ఆపమని అడగడం చిన్న విషయం కాదు. కానీ సీలింగ్ ఫ్యాను కింద 2.6 మీటర్ల ఎత్తులో కార్డియాయిడ్ మైకు ఉంటే గాలి తిన్నగా దాని మీదే పడుతుంది. ఈ రకం మైకులు గాలికి, అన్ని వైపులా సమంగా వినే ఓమ్నీ మైకుల కంటే, చాలా తొందరగా గుబగుబలాడతాయి. స్పాంజి తొడుగు కొంత ఆపుతుంది, మొత్తం కాదు. బృందం మీదా మైకుల మీదా ఉన్న రెండు ఫ్యాన్లు వాయించేటప్పుడు ఆపాలి, అంశానికీ అంశానికీ మధ్య వేయాలి, ప్రేక్షకుల మీద ఉన్న నాలుగూ తిరగొచ్చు అని నిర్ణయించాం. స్విచ్ బోర్డు దగ్గర కమిటీ సభ్యుడొకాయన కూర్చున్నారు. తిరిగే నాలుగూ ఫుల్ స్పీడులోనే. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు మధ్యలో పెడితే ఫ్యాను మోటారు గుర్రుమంటుంది, ఆ రొద ఒకే స్థాయిలో ఉండి సంగీతంలో కలిసిపోతుంది, తర్వాత తీయడం కష్టం. ఫుల్ స్పీడులో వచ్చేది గాలి చప్పుడు, అది సహించదగ్గది. చోక్ మోగుతున్న పాత ట్యూబ్‌లైట్లు రెండు కూడా ఆర్పించాను.

వేడి వల్ల ఇంకో చిక్కు. ఫ్యాన్లు ఆగితే క్లారినెట్, ఫ్లూట్ శ్రుతి పైకి పోతుంది, వయొలిన్ తీగలు కిందికి దిగుతాయి, హార్మోనియం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మూడు అంశాలకొకసారి ఫ్యాన్లన్నీ వేసి, శ్రుతి సరిచూసుకునే విరామం కార్యక్రమంలోనే రాయించాం. మాస్టారు ఆ విరామాల్లో క్లారినెట్ బారెల్ (నోటి దగ్గరి కీలు ముక్క) వెంట్రుకవాసి బయటికి లాగి, హార్మోనియంతో కలిపి చూసుకునేవారు.

రికార్డరుకు కరెంటు ప్లగ్గు వాడలేదు. పవర్ బ్యాంకు పెట్టాను. గోడ కరెంటు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గుయ్‌మనే రొద దారి అక్కడే మూసుకుపోతుంది. కండెన్సర్ మైకులకు 48 వోల్టుల ఫాంటం పవర్ (మైకు కేబుల్ గుండానే వెళ్ళే కరెంటు) ఇస్తే పెన్సిల్ సెల్స్ త్వరగా అయిపోతాయి, కాబట్టి వాటిని లోపల రిజర్వుగా మాత్రమే ఉంచాను. కొన్ని పవర్ బ్యాంకులు తక్కువ కరెంటు లాగితే ఎవరూ వాడడం లేదనుకుని ఆగిపోతాయి. ఇంట్లో కనీసం రెండు గంటలు నడిపి చూడనిదే ఏ పవర్ బ్యాంకునూ కచేరీకి తేకూడదు.

రికార్డింగు నాణ్యత 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. నాలుగు ట్రాకులకు గంటకు దాదాపు 2 జీబీ, 32 జీబీ కార్డులో చాలినంత చోటు. స్థాయి రిహార్సల్లో పీక్ (అన్నిటికన్నా గట్టి చప్పుడు) మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర తగిలేట్టు పెట్టాను; సున్నా అంటే రికార్డరు పట్టగల హద్దు. చూసేవాళ్ళకు మరీ తక్కువనిపిస్తుంది. జనం ముందు కూర్చోగానే ప్రతివాళ్ళూ రిహార్సల్ కంటే గట్టిగా వాయిస్తారు, ఈ బృందం కూడా వాయించింది, నోటుస్వరాల్లో పీక్ మైనస్ 10 దాకా వచ్చింది. 24 బిట్లలో అడుగున చోటు ఎంతో ఉంటుంది, పైన మాత్రం సున్నా దాటితే ధ్వని చిరిగిపోతుంది, అతుకు పడదు. రికార్డరు సొంత మైకులను ప్రేక్షకుల వైపు తిప్పి, మూడో నాలుగో ట్రాకుల్లో చప్పట్లు, హాలు మోత పట్టాను.

మధ్యాహ్నం రిహార్సల్ మొత్తం అదే అమరికలో, ఎవరూ అంగుళం కదలకుండా రికార్డ్ చేశాం. మాస్టారికి ఇది శ్రమ అనిపించింది. కానీ రైలు మార్గానికి దగ్గర హాలు. కిటికీలు మూసినా సబర్బన్ రైలు హారన్ ఆగదు. అదెప్పుడు మోగుతుందో మన తాళానికి సంబంధం లేదు.

తర్వాత

అనుకున్నట్టే మూడో నోటుస్వరం మధ్యలో హారన్ పడింది, అదీ శ్రుతికి అర్ధస్వరం పక్కన. రిహార్సల్ నుంచి ఆ ఒక్క ముక్క తెచ్చి అతికిద్దామంటే రెండు అడ్డంకులు. క్లిక్ (చెవిలో తాళం కొట్టే చప్పుడు) లేకుండా వాయించారు కాబట్టి నడక సరిగ్గా కలవదు. ఖాళీ హాల్లో మోత ఎక్కువ సేపు నిలుస్తుంది, జనం ఉన్నప్పుడు తొందరగా ఆరిపోతుంది, ఆ అతుకు చెవికి తెలిసిపోతుంది. నోటుస్వరాలు ఎలాగూ చిన్నవి కాబట్టి ఆ ఒక్క అంశం మొత్తం రిహార్సల్ టేక్ వాడాను. దాని చివర చప్పట్లు అతికించమని ఒకరు అడిగారు. అది మాత్రం చెయ్యలేదు. ఆ చప్పట్లు ఆ వాయింపుకి పడ్డవి కావు.

మిగతా పని కొద్దిగానే. 70 హెర్ట్జ్ కింద కోత, 350 ప్రాంతంలో రెండు డెసిబెల్స్ లోతున చిన్న గుంట, అక్కడ ఆ హాలు కొంచెం డబ్బాలా మోగుతుంది. ఫ్యాను రొద తీసే సాఫ్ట్‌వేరు వేసి చూసి తీసేశాను. వయొలిన్ తీగ మీద విల్లు గీసే సన్నటి చప్పుడును కూడా అది రొద అనుకుని తినేస్తుంది. గట్టి చప్పుళ్ళను నొక్కే కంప్రెసరు వాడలేదు. పాట మొదట్లో మరీ మెత్తగా ఉన్న చోట్ల చేత్తోనే రెండు మూడు డెసిబెల్స్ ఎత్తాను. ప్రేక్షకుల ట్రాకులను పాట నడిచేంతసేపూ పూర్తిగా మూసి, చప్పట్ల దగ్గర మాత్రమే తెరిచాను. ఆ రికార్డరు ఉన్న బల్ల ముఖ్యమైన మైకులకు 6 మీటర్లు వెనక. 17 మిల్లీసెకన్ల ఆలస్యం. సంగీతం నడుస్తుండగా కలిపితే డ్రమ్ము దెబ్బ వాచిపోతుంది.

ధ్వనిని ఒక హద్దు దాటనివ్వని లిమిటరు పై గట్టు మైనస్ 1 డెసిబెల్ దగ్గర. మొత్తం స్థాయి మైనస్ 17 ఎల్‌యూఎఫ్ఎస్ (మొత్తం మీద ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలమానం) దగ్గర వదిలేశాను. యూట్యూబ్ మైనస్ 14 దాటినదాన్ని తగ్గిస్తుంది, తక్కువున్నదాన్ని పెంచదు. సినిమా పాటల పక్కన మన కచేరీ కొంచెం మెత్తగా వినిపిస్తుందన్న మాట నిజమే. వాల్యూం ఒక గీత పెంచుకోవచ్చు. వాయింపులోని ఎత్తుపల్లాలు నలిగిపోతే మళ్ళీ తెచ్చుకోలేరు.

వీడియో ఒకరు ఫోనుతో తీశారు. ఫోను గడియారం, రికార్డరు గడియారం గంటలో కొద్దిగా జారిపోతాయి, అందుకని ప్రతి అంశం ముందూ ఫోనుకు కనబడేట్టు ఒక చప్పట కొట్టించాం. అంశం అంశానికీ విడిగా కలపడం తేలికైంది. చివరి సినిమా పాటను మాత్రం వాళ్ళ ఇళ్ళల్లో వినడానికి ఇచ్చి, నెట్‌లో పెట్టొద్దన్నాను. మన 1957 కాపీరైటు చట్టంలో రచన మీద హక్కు రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా ఉంటుంది. అన్నమయ్యతో, దీక్షితులవారితో ఆ పేచీ లేదు.

ఫైళ్ళు మూడు రకాలుగా ఇచ్చాను: దాచుకోవడానికి 24 బిట్ వేవ్, వినడానికి 320 ఎంపీ3, రిహార్సల్ మొత్తం విడిగా. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆడియోగా పంపితే అది మళ్ళీ నలిపేయొచ్చు.

వయొలిన్ పిల్లలు తమ గీతలు మొదటిసారి విడివిడిగా వినిపించాయని సంబరపడ్డారు. ట్రంపెట్ అబ్బాయి తన వాయింపు మెత్తగా ఉందని తనే ఆశ్చర్యపోయాడు. మృదంగం ఆయన ఫోన్ చేసి, అంతా బాగుంది కానీ తని ఆవర్తనంలో ఎడమ చెయ్యి ఇంకొంచెం తెలియాలి అన్నారు. తనిలో మిగతావాళ్ళంతా చేతులు కట్టుకుని కూర్చుంటారు కాబట్టి అక్కడ మాత్రం పెంచడానికి వీలుంది. ఆ నాలుగు నిమిషాలు కింది స్థాయిలో 2 డెసిబెల్స్ ఎత్తి ఆయనకు వేరే ఫైలు పంపాను. బృందం పేరు మీద బయటికి వెళ్ళినదాంట్లో మొదటిదే ఉంది.